చికోరీ: వేరు కోసం వేసే పంటలో పువ్వు గురించి ఆలోచించాల్సిన అవసరం

చికోరీ పండించేవారు దాని పువ్వును చూడాలని కోరుకోరు. వేరు కోసం వేసిన పొలంలోనైనా, ఆకు కోసం వేసిన మడిలోనైనా మొదటి ఏడాదే పూకాడ లేచిందంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే. వేరు పీచుబారి గట్టిపడుతుంది, అందులో దాచుకున్న ఆహారమంతా కాడకూ మొగ్గలకూ తరలిపోతుంది, ఆకులు నోట పెట్టలేనంత చేదెక్కుతాయి. అయినప్పటికీ ఈ పంట మీద ముప్పై ఏళ్లకు పైగా సాగుతున్న జన్యుమార్పిడి ప్రయోగాల గురించి, వాటి చుట్టూ నడిచిన వాదాల గురించి చదివే కొద్దీ నాకు ఒక అభిప్రాయం బలపడుతూ వచ్చింది. చికోరీలో ఏ మార్పును ఆమోదించవచ్చు, దేని విషయంలో జాగ్రత్త పడాలి అన్నది తేల్చుకోవాలంటే ముందుగా ఆ మొక్క ఎప్పుడు పూస్తుందో, ఎవరి పుప్పొడితో గింజ కడుతుందో తెలుసుకోవాలి.

చికోరీ పొద్దుతిరుగుడు, బంతి, చామంతి మొక్కల కుటుంబానికి చెందినది. మనుషులు తరతరాలుగా చేసిన ఎంపిక వల్ల ఈ ఒక్క జాతే పలు పంటలుగా విడిపోయింది. లావుపాటి తల్లివేరు కోసం పెంచేది ఒకటి, ఎర్రని ఆకులు ఉండలా ముడుచుకునే రాడిచియో మరొకటి, వేరును చీకట్లో ఉంచి తెల్లని మొగ్గ మొలిపించి తినే విట్లూఫ్ ఇంకొకటి, పశువుల మేతకు వేసేది వేరొకటి. ఐరోపాలోనూ పశ్చిమాసియాలోనూ దారుల పక్కన, బీడు నేలల్లో దానంతటదే మొలిచి నీలి పూలు పూసే అడవి చికోరీ కూడా వీటి జాతిదే. పంట మొక్కకూ అడవి మొక్కకూ మధ్య సంపర్కం జరగడానికి అడ్డేమీ లేదు, పుట్టిన గింజలు చక్కగా మొలకెత్తుతాయి. జన్యుమార్పిడి చర్చలో ఈ సంగతికి ఉండవలసిన ప్రాధాన్యం చాలాసార్లు దక్కడం లేదని నాకనిపిస్తుంది.

ముందు సాగు గురించి చెప్పుకోవాలి. చికోరీ విత్తనం చాలా చిన్నది. వెయ్యి గింజలు కలిపితే సుమారు ఒకటిన్నర గ్రాము తూగుతాయి. అందుకే దుక్కి పొడిపొడిగా ఉండాలి, గింజ మీద పడే మట్టి సెంటీమీటరుకు మించకూడదు, మొలక పైకి వచ్చేదాకా నేల పైపొర ఎండి పెచ్చు కట్టకూడదు. కిందికి పోయే కొద్దీ మట్టి గుల్లగా ఉండడం వేరు పంటకు అంతకంటే ముఖ్యం. గట్టి పొర తగిలినా, రాయి అడ్డుపడినా, పూర్తిగా మాగని పశువుల ఎరువు దొరికినా తల్లివేరు రెండుగానో మూడుగానో చీలిపోతుంది. చీలిన వేరును మట్టి లేకుండా కడగడం కష్టం, ముక్కలు కోయడం అంతకంటే కష్టం. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరుగుతాయే తప్ప వేరు ఆ మేరకు ఊరదు. లోతుకు దిగే వేరు కాబట్టి అడుగు పొరల్లోని పోషకాలను తానే వెతుక్కుంటుంది. ఈ పంటకు ఎరువు తగ్గించి వేయడమే మేలు.

విత్తే సమయం విషయంలో తొందరపడితే నష్టం తప్పదు. లేత మొలకలకు వారాల తరబడి చలి తగిలితే, చలికాలం గడిచిపోయిందన్న సంకేతం మొక్కకు అందుతుంది. ఆ తర్వాత పగటి పొద్దు పెరగగానే, రెండో ఏడాది వేయవలసిన పూకాడను అది మొదటి ఏడాదే వేస్తుంది. ఆలస్యంగా విత్తితే వేరు ఊరడానికి కాలం చాలదు, ఎందుకంటే మంచి వేరు తయారవడానికి అయిదారు నెలలు పడుతుంది. ఈ రెండు హద్దుల మధ్య దొరికే సమయం చల్లని దేశాల్లో కొద్ది వారాలే. అనుకూలమైన నేలల్లో, మంచి యాజమాన్యంతో హెక్టారుకు 40 నుంచి 50 టన్నుల దాకా వేరు వస్తుంది.

అన్నింటికంటే పెద్ద తలనొప్పి కలుపు. చికోరీ మొలక మొదటి వారాల్లో చాలా నిదానంగా పెరుగుతుంది. ఆకులు వరుసల మధ్య నేలను కమ్ముకునే లోపు కలుపు దాన్ని మింగేస్తుంది. ఇది తక్కువ విస్తీర్ణంలో పండే పంట కావడం వల్ల దీనికోసం ప్రత్యేకంగా కలుపు మందులు తయారు చేసి అనుమతులు తెచ్చుకోవడానికి కంపెనీలు అంతగా ముందుకు రావు. వెడల్పాకు కలుపును చంపే మందుల్లో చాలావాటికి చికోరీ కూడా చస్తుంది, అదీ వెడల్పాకు మొక్కే కనుక. చిన్న మడిలో చేత్తో కలుపు తీయవచ్చు. పెద్ద పొలంలో ఆ ఖర్చును పంట మోయలేదు. కలుపు మందును తట్టుకునే చికోరీ కావాలన్న కోరిక పుట్టింది ఈ ఇబ్బందిలోనుంచే కాబట్టి, ఆ కోరికను కంపెనీల దురాశ అని ఒక్క మాటలో తోసిపుచ్చడం న్యాయం కాదు.

వేరును తవ్వేటప్పుడు అది పెళుసుగా విరిగిపోతుంది. నేలలో మిగిలిన తునక మళ్లీ చిగురించి తర్వాతి పంటలో కలుపుగా తేలుతుంది. తవ్విన వేరును అడ్డంగా కోస్తే కోసినచోట పాలు చుక్కలు చుక్కలుగా ఉబికి వస్తాయి. కాసేపటికి అవి కత్తి అంచు మీదా వేళ్ల మీదా గోధుమరంగు జిగురుగా మారతాయి, సబ్బుతో రుద్దినా తొందరగా వదలవు. ఆ వేలిని నాలుకకు తాకిస్తే చేదు గొంతు దాకా దిగుతుంది. ఈ పాలలో లాక్టుసిన్, లాక్టుకోపిక్రిన్ వంటి చేదు పదార్థాలుంటాయి. వేరును నమిలే పురుగుల నుంచి మొక్కకు అవే రక్షణ. పాలు ఊరే నాళాలను దాటి లోపలి తెల్లని భాగాన్ని కొరికి నమిలితే చేదు వెనుక మెల్లగా సన్నని తీపి తెలుస్తుంది. చికోరీ ఉపయోగాలన్నీ ఈ చేదు, ఈ తీపి చుట్టూనే తిరుగుతాయి.

ఆ తీపికి సంబంధించినది ఇనులిన్. బంగాళదుంప తన నిల్వను పిండిగా దాచుకుంటే, చికోరీ ఇనులిన్‌గా దాచుకుంటుంది. పచ్చి వేరు బరువులో 15 నుంచి 20 శాతం దాకా ఇదే ఉంటుంది. ఆకుల్లో తయారైన చక్కెర వేరుకు చేరాక, ఒక ఎంజైము రెండు చక్కెర అణువులను కలిపి గొలుసుకు మొదలు పెడుతుంది, మరొకటి దానికి ఫ్రక్టోజు అణువులను ఒక్కొక్కటిగా చేర్చి పొడిగిస్తుంది. వేసవి పొడవునా ఈ గొలుసులు పెరుగుతూనే ఉంటాయి. చలి మొదలవగానే ఎఫ్‌ఈహెచ్ అనే మూడో రకం ఎంజైము మేల్కొని గొలుసు చివర నుంచి ఫ్రక్టోజును తుంచడం ప్రారంభిస్తుంది. చలిని తట్టుకోవడానికీ వసంతంలో చిగురించడానికీ మొక్కకు ఆ విడి చక్కెర అవసరం. పొడవైన గొలుసులున్న ఇనులిన్ కావాలనుకునే ఫ్యాక్టరీకి మాత్రం అది నష్టం. కోత ఆలస్యమయ్యే కొద్దీ, తవ్విన వేర్లు గుట్టల్లో నిలవ ఉన్న కొద్దీ, ఇనులిన్ నాణ్యత పడిపోతుంది.

కాఫీకి బదులుగానో, కాఫీలో కలపడానికో వేయించిన చికోరీని వాడడం అందరికీ తెలిసిన ఉపయోగం. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రష్యాలో (నాటి జర్మన్ రాజ్యం) ఇది పరిశ్రమగా రూపుదిద్దుకుంది. 1806లో నెపోలియన్ బ్రిటన్‌తో వర్తకాన్ని నిషేధించాక కాఫీ గింజలు కరువై ఫ్రాన్సులో చికోరీ వాడకం బాగా పెరిగింది, నిషేధం పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. నేను కొద్దిపాటి వేర్లను ఇంట్లో వేయించి చూసినప్పుడు గమనించినది ఏమిటంటే, రుచి అంతా వేయించడానికి ముందు ఆరబెట్టడంలోనే ఉంది. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండి, వంచితే వంగకుండా పుటుక్కున విరిగేదాకా ఎండాలి. తడి మిగిలిన ముక్క పైన మాడుతుంది, లోపల ఉడుకుతుంది. బాగా ఎండిన ముక్క వేడికి ముందు లేత గోధుమరంగులోకి మారి తియ్యటి వాసన వేస్తుంది. ఇనులిన్ విడిపోయి, వచ్చిన చక్కెర పాకం పట్టే దశ అది. రంగు ముదిరే కొద్దీ ఆ తీపి వాసనలో చేదు కలుస్తుంది, అక్కడి నుంచి మాడు వాసన రావడానికి ఎక్కువసేపు పట్టదు. ఈ పొడిలో కెఫీన్ ఉండదు. చల్లటి నీటిలో చల్లితే చికోరీ పొడి వెంటనే రంగు వదులుతూ మునుగుతుంది, కాఫీ పొడి చాలాసేపు తేలుతుంది. కాఫీలో చికోరీ కలిసిందో లేదో చూడడానికి ఈ పరీక్షనే వాడేవారు.

నేడు ఐరోపాలో, ముఖ్యంగా బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల్లో, వేరు చికోరీని ప్రధానంగా ఇనులిన్ కోసమే పండిస్తున్నారు. వేర్లను సన్నగా తరిగి వేడినీటిలో నానబెట్టి ఇనులిన్‌ను బయటికి తీస్తారు. మన చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు. పెద్దపేగులోని బాక్టీరియా, ముఖ్యంగా బిఫిడోబాక్టీరియా, దాన్ని పులియబెట్టుకుని పెరుగుతాయి. రోజుకు 12 గ్రాముల చికోరీ ఇనులిన్ తీసుకుంటే మలవిసర్జన సక్రమంగా జరగడానికి తోడ్పడుతుందన్న ప్రకటనకు 2015లో ఐరోపా సమాఖ్య అనుమతి ఇచ్చింది. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం తప్పదు, కాబట్టి కొద్ది కొద్దిగా అలవాటు చేసుకోవాలి. ఈ కుటుంబపు మొక్కలు పడనివారు చికోరీకి దూరంగా ఉండడం మంచిది.

ఇక పువ్వు సంగతి. చికోరీలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పదిహేను ఇరవై చిన్న పూల గుంపు; మనకు రేకుగా కనిపించే ప్రతి నీలి పట్టీ ఒక పూర్తి పువ్వు. పొద్దున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. ఒక్కో చిన్న పువ్వులో కేసరాలు గొట్టంలా అతుక్కుని ఉంటాయి, కీలం ఆ గొట్టంలో నుంచి పైకి పెరుగుతూ తన సొంత పుప్పొడినే బయటికి నెట్టుకొస్తుంది. అయినా ఆ పుప్పొడితో సాధారణంగా గింజ కట్టదు. మొక్క తన పుప్పొడిని తానే తిరస్కరిస్తుంది, తేనెటీగలు మరో మొక్క నుంచి తెచ్చిన దాన్ని స్వీకరిస్తుంది. ఈ తిరస్కారం అన్ని మొక్కల్లో ఒకేలా గట్టిగా ఉండదు, కొన్నింట్లో సడలుతుంది. ఇంత చిన్న పూలలో కేసరాలను చేత్తో తీసివేయడం సాధ్యం కాదు. అందువల్ల రెండు ఎంచుకున్న వంశాలను కలిపి పూర్తిగా సంకరమైన విత్తనం తయారు చేయాలంటే, పుప్పొడి పుట్టని ఆడ వంశం ఒకటి కావాలి.

చికోరీలో మార్కెట్ అనుమతి దాకా వచ్చిన జన్యుమార్పిడి ఈ అవసరం కోసం చేసినదే. నెదర్లాండ్స్‌కు చెందిన బెయో జాడెన్ అనే విత్తన సంస్థ రాడిచియోలో రెండు ముఖ్యమైన జన్యువులను చొప్పించింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసుకున్న బార్నేజ్ జన్యువు వాటిలో మొదటిది. పుప్పొడిని పోషించే కణపొరలో మాత్రమే పనిచేసేలా పొగాకు మొక్కలోని ఒక జన్యు స్విచ్చును దానికి జోడించారు. ఆ పొరలోని ఆర్‌ఎన్‌ఏను బార్నేజ్ ఛేదించడంతో పుప్పొడి తయారుకాదు. రెండోది గ్లూఫోసినేట్ అనే కలుపు మందును తట్టుకునే జన్యువు. పుప్పొడి లేని మొక్కను మామూలు మొక్కతో కలిపితే సంతానంలో సగమే పుప్పొడి లేనివిగా పుడతాయి; వాటిని ఏరడానికి మందు చల్లితే మిగతా సగం చచ్చిపోతుంది. అంటే ఇక్కడ మందును తట్టుకునే గుణం రైతు కలుపు బాధ తీర్చడానికి పెట్టింది కాదు, విత్తన క్షేత్రంలో మొక్కలను వేరు చేయడానికి పెట్టింది. 1996 మేలో ఐరోపా సమాఖ్య దీన్ని విత్తనాభివృద్ధి పనులకు మాత్రమే అనుమతించింది, 1997లో అమెరికా వ్యవసాయ శాఖ కూడా నియంత్రణ నుంచి తప్పించింది. అయినా అది విస్తృత సాగులోకి రాలేదు.

అదే లక్ష్యాన్ని ఇంకో దారిలో సాధించినవారూ ఉన్నారు. ఫ్రాన్సులోని లిల్‌లో పరిశోధకులు చికోరీ కణాలనూ పొద్దుతిరుగుడు కణాలనూ గోడలు తొలగించి కలిపివేసి, చికోరీ కేంద్రకమూ పొద్దుతిరుగుడు గుణం కలిసిన మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, తమ సొంత జన్యువులుండే భాగాలు) ఉన్న మొక్కలను తయారు చేసినట్టు 1993లో ప్రకటించారు. వీటిలోనూ పుప్పొడి పుట్టదు. పొలంలో ఎప్పటికీ కలవని రెండు మొక్కలను ప్రయోగశాలలో కలపడం మామూలు విత్తనాభివృద్ధి ఎలా అవుతుందని సేంద్రియ సాగు సంఘాలు ప్రశ్నిస్తూ, కణ సంలీనంతో వచ్చిన సంకరాలను తమ సాగులో నిషేధించుకున్నాయి. ఆ ప్రశ్న సబబైనదేనని నేను ఒప్పుకుంటాను. అయితే మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంతానానికి చేరుతుంది, పుప్పొడి ద్వారా బయటికి పోదు. పుప్పొడే లేని మొక్క నుంచి అసలే పోదు. అడవి చికోరీకి హాని అనే కోణంలో చూస్తే, ఇప్పటిదాకా చెప్పుకున్నవాటిలో ఇదే నిక్కచ్చిగా హద్దులో ఉండే మార్పు.

బార్నేజ్ రాడిచియోలో హద్దు అంత గట్టిది కాదు. ఆ మొక్క పుప్పొడి ఇవ్వకపోయినా అడవి మొక్క పుప్పొడిని స్వీకరించగలదు. అలా కట్టిన గింజ రాలితే సగం మొలకల్లో రెండు జన్యువులూ ఉంటాయి. రైతు పొలంలో పూకాడ రాకముందే కోసేస్తారు కనుక ప్రమాదం తక్కువే. కానీ ముందుగా పూసిన మొక్కలు, నేలలో మిగిలిన వేరు తునకల నుంచి మరుసటి ఏడు లేచే మొక్కలు ప్రతి పొలంలో ఉంటాయి. ఇక రైతు కలుపు బాధ కోసమే మందును తట్టుకునే చికోరీని, మామూలు పుప్పొడితో, వేల హెక్టార్లలో వేస్తే ఆ గుణం దారి పక్కన ఉన్న అదే జాతి మొక్కలకు చేరడం ఖాయమనే అనుకోవాలి. అదే మందును చల్లే తోటల్లో, గట్ల మీద ఆ అడవి మొక్కే చావని కలుపవుతుంది. అందుకే రైతు ఇబ్బంది నాకు తెలిసినా ఈ ఒక్క మార్పును నేను సమర్థించలేను. వరుసల మధ్య నడిచే యంత్రాల మీద పెట్టే ఖర్చే ఇంతకంటే మంచిదని నా అభిప్రాయం.

కొత్త తరహా జన్యు సవరణను నేను వేరుగా చూస్తాను. 2018లో ఐరోపా సమాఖ్య నిధులతో, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ శాస్త్రవేత్తల సమన్వయంతో చిక్ అనే పరిశోధన పథకం మొదలైంది. చలిలో ఇనులిన్‌ను తుంచే ఎఫ్‌ఈహెచ్ జన్యువులను క్రిస్పర్ పద్ధతిలో, అంటే డీఎన్‌ఏను కోరుకున్న చోట కత్తిరించే పద్ధతిలో ఆపడం, చేదు పదార్థాల తయారీని మార్చడం దాని లక్ష్యాల్లో ముఖ్యమైనవి. గోడ తీసిన ఒక్క చికోరీ కణం నుంచి పూర్తి మొక్కను తిరిగి పెంచడం సాధ్యం కావడంతో, కత్తిరించే ఎంజైమును నేరుగా కణంలోకి పంపి, బయటి జన్యువేదీ మిగలకుండా సవరణ చేయగలుగుతున్నారు. ఎఫ్‌ఈహెచ్ లేని మొక్క పొరపాటున అడవిలోకి పోయిందనుకుందాం. చలికాలం తర్వాత తన నిల్వను తాను వాడుకోవడంలో ఇబ్బంది పడే మొక్క అక్కడ మిగతావాటి ముందు నిలవడం కష్టం. ఫ్యాక్టరీకి మేలు చేసే ఆ లోపమే అడవిలో దానికి కళ్లెం వేస్తుంది. ఇదే గుణం విత్తనాభివృద్ధి చేసేవారికి ఒక చిక్కు కూడా తెస్తుంది, ఎందుకంటే గింజ కట్టాలంటే అదే వేరు రెండో ఏడు చిగురించాలి. ఎఫ్‌ఈహెచ్ జన్యువులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి కనుక, ఏది ఆపాలి, ఎంతవరకు ఆపాలి అన్న ఎంపికలోనే అసలు నేర్పు ఉంటుంది.

చేదు విషయంలో నా మనసు అంత తేలిగ్గా ఒప్పుకోదు. చేదు పదార్థాల తయారీలో మొదటి మెట్టుగా ఉన్న ఎంజైము జన్యువులను క్రిస్పర్‌తో ఆపివేసి, అవి లేని చికోరీని సాధించినట్టు 2021లో ఫలితాలు వెలువడ్డాయి. ఇనులిన్‌ను శుద్ధి చేసే ఖర్చు దీనివల్ల తగ్గవచ్చు. కానీ ఆ చేదు మొక్కకు కవచం. దాన్ని తీసేసిన వేరు నేలలోని పురుగుల ముందు ఎలా నిలుస్తుందన్నది పలు నేలల్లో, పలు ఏళ్లపాటు పొలంలో చూసి తేల్చాల్సిన విషయం. చేదు తగ్గిన చోట పురుగు మందు పెరిగితే ఆ శుద్ధి ఖర్చును రైతూ నేలా భరించినట్టే. ఆకు చికోరీలోనైతే చేదు తీసేయడానికి నాకు కారణమే కనిపించదు. విట్లూఫ్ పెంచేవారు వేరును చీకట్లో ఉంచి చేదును తగినంతగా తగ్గిస్తూనే ఉన్నారు. కాస్త వెలుతురు పడితే మొగ్గ పచ్చబడి మళ్లీ చేదెక్కుతుంది.

చట్టం ఈ తేడాలన్నింటినీ చాలాకాలం ఒకే గాటన కట్టింది. 2018 జూలై 25న ఐరోపా న్యాయస్థానం జన్యు సవరణ మొక్కలు కూడా జన్యుమార్పిడి చట్టం కిందికే వస్తాయని తీర్పు ఇచ్చింది. 2023 జూలైలో ఐరోపా కమిషన్ కొన్ని రకాల సవరణలకు నిబంధనలు సడలించాలని ప్రతిపాదించింది. ఏ పద్ధతిలో చేశారన్న దాన్ని బట్టి మాత్రమే గీత గీస్తే, మందును తట్టుకునే మొక్కనైనా క్రిస్పర్‌తో చేసి సులభమైన దారిలో పంపవచ్చు. చికోరీ వంటి పంటకు, అంటే తన అడవి బంధువులతో కలిసిమెలిసి బతికే పంటకు, గుణాన్ని బట్టీ పుప్పొడి దారిని బట్టీ అనుమతి ఇవ్వడమే సరైనది. విత్తనం పొట్లం మీద అది సంకరమా కాదా అన్నదే కాక, పురుష వంధ్యత్వాన్ని, అంటే పుప్పొడి పుట్టని గుణాన్ని, ఏ విధంగా తెచ్చారో కూడా రాయాలి. ఇంటి మడిలో విత్తనం దాచుకునేవారికి ఆ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది: పుప్పొడి లేని రకమైతే దానితో వారి సొంత విత్తనం నిలవదు, మామూలు రకమైతే, తేనెటీగలు తిరిగే దూరంలో అడవి చికోరీ గానీ మరో రకం చికోరీ గానీ పూయకుండా చూసుకుని, ఒకటి రెండు మొక్కలు కాకుండా కనీసం ఒక మడి నిండా పూయనిచ్చి గింజ కట్టించాలి.